కోత పండుగ టైర్లు

1964 జనవరి 20, సోమవారం. బందరు.

నలభై ఏళ్ళుగా నేను పుస్తకాల్లో రాసినవన్నీ నలుగురూ చూడదగ్గవే. బడి హాజరు పట్టీలు, ఇంటి జమాఖర్చులు, చర్చి కోత పండుగ జాబితాలు. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. నిన్న మధ్యాహ్నం నుంచి నాకొక భయం పట్టుకుంది. భయాన్ని కాగితం మీద పెడితే చిన్నదవుతుందని బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఆ మాట నిజమో కాదో నా మీదే చూసుకోవాలి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా విల్సన్ గుడివాడలో మందుల కంపెనీ ఏజెంటు. వాడి తండ్రి, నా కొడుకు రాజారత్నం, టైఫాయిడ్‌తో పోయినప్పటి నుంచి వాణ్ణి నేనే పెంచాను. తల్లి కృపావతి నాగాయలంక మిషన్ ఆస్పత్రిలో నర్సు. పోయిన నెల పామిడిముక్కలలో నా రెండెకరాలు అమ్మించి వాడు కారు కొన్నాడు. ఎర్ర హెరాల్డ్, రెండు తలుపులది. వచ్చే నెల ఎనిమిదిన మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో కార్ల పందెం ఉంది. పేరిచ్చేశాడు. పందెం ఆదివారం కాదు, శనివారం. అందుకని వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

కారు కంపెనీ వేసి పంపిన టైర్లు ఊళ్ళో తిరగడానికి సరే కానీ, డెబ్బై మైళ్ళ మీద మలుపు తిప్పితే పక్కకు జారతాయట. అవి మార్చాలన్నాడు. పొలం అమ్మిన రోజే నేను షరతు పెట్టాను. చక్రాలూ టైర్లూ నేను చెప్పినవే వేయాలి. అంత కారులో నేలను తాకేవి అవి నాలుగే.

వాడు మద్రాసు నుంచి బొమ్మల పుస్తకం తెప్పించాడు. సైకిలు చక్రంలా కమ్మీలున్న చక్రాలు, వాటికి వెడల్పాటి టైర్లు.

"తేలికగా ఉంటాయి మామ్మా. బ్రేకులకు గాలి తగులుతుంది. బండి ఎగిరిపోతుంది."

"ఎగరడానికి రెక్కలుంటాయి, చక్రాలెందుకు? ఒక్కో చక్రానికి ఎన్ని కమ్మీలు?"

"డెబ్బై రెండు."

"నాలుగు డెబ్బై రెళ్ళు?"

"రెండు వందల ఎనభై ఎనిమిది. మామ్మా, నాకు ఇరవై ఆరేళ్ళు."

"బందరు ఉప్పుగాలికి మన వంటింటి కిటికీ ఊచలు రెండేళ్ళు ఆగవు. అందులో ఒక్కటి లోపల తుప్పు పట్టినా నీకు కనపడదు. రేకు చక్రాలే ఉంచు. టైర్లు నేను చూస్తాను."

ఇందులో నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అనుకుంటున్నాను.

నిన్న కోత పండుగ. ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చుని కానుకల జాబితా రాశాను. గుమ్మడికాయలు 31, కోళ్ళు 14, వడ్లు 22 బస్తాలు, అరటి గెలలు 9. నతానియేలు గారి కానుక, కొత్త టైర్లు 4. నతానియేలు గారు మా సంఘ పెద్ద. కోనేరు సెంటరులో టైర్ల కొట్టు ఉంది. ఏటా టైర్లిస్తారు. తెల్ల గుడ్డలో చుట్టి గుమ్మడికాయల పక్కన పెడతారు. ఈసారి విల్సన్ గుడ్డ మీద నుంచే జానతో కొలిచి, "పదమూడంగుళాలు మామ్మా, నా కారు కొలతే" అన్నాడు. అంత చిన్న టైరు బందరులో ఇంకే బండికీ పట్టదు. దేవుడే ఏర్పాటు చేశాడనుకున్నాను. రైసుమిల్లు సోమేశ్వరరావు గారు మన మతం కాకపోయినా మర్యాదకు ఏటా వచ్చి కానుకల వేలం పాడతారు. ఆయన మీద పాట పెంచి నేనే దక్కించుకున్నాను.

దేవుని ముందు పెట్టి ప్రార్థన చేసిన వస్తువును విప్పి, నొక్కి, వాసన చూసి కొనే అలవాటు మాకు లేదు. వంకాయను కూడా తొడిమ తిప్పి చూసి కొనే నేను, వాటిని చూడలేదు.

ఇంటికొచ్చాక విల్సన్ గుడ్డ విప్పాడు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎత్తి కారులో పెట్టి, చేతులు తుడుచుకోబోయి ఆగాడు. వాడి బొటనవేళ్ళకు నల్లటి పాలిషు అంటుకుంది. నవ్వి ప్యాంటుకు రాసుకున్నాడు. ఈ ఉదయం గుడివాడ తీసుకెళ్ళాడు, బిగించుకోవడానికి.

కొత్త టైరుకు పాలిషు ఎందుకు?

జనవరి 21

నతానియేలు గారు శ్రద్ధగల మనిషి. కానుక కదా, శుభ్రంగా ఉండాలని పాలిషు వేయించి ఉంటారు. అంతే.

జనవరి 22, బుధవారం

చర్చి ఊడ్చి, ఇత్తడి సామాను తోమే సీతమ్మ మా ఇంట్లో కూడా పని చేస్తుంది. ఈ ఉదయం గిన్నెలు తోముతూ తనే ఎత్తింది.

"చర్చి గోదాము బోసిపోయినట్టుందండీ అమ్మగారూ."

"ఏం పోయింది?"

"టైర్లండీ. ఆరేళ్ళుగా చూసుకుంటున్నాను కదండీ. పండగ ముందర బూటు పాలిషు పెట్టి రుద్ది, గుడ్డ చుట్టి మళ్ళీ కానుకల్లో పెట్టేదాన్ని. ఈ ఏడు ఎంత పెట్టినా తాగేసిందండీ. రెండు డబ్బాలు అయిపోయాయి."

ఆరేళ్ళా అని అడిగాను. అవునంది. పాడుకున్నవాళ్ళు తీసుకెళ్ళలేదా అని అడిగాను.

"ఎక్కడికి తీసుకెళ్తారండీ? లారీకి పట్టవు, జీపుకి పట్టవు. దేవుడి దగ్గరే ఉండనీ సీతమ్మా అని వదిలేసి వెళ్ళేవాళ్ళు. కిటికీ కింద పెట్టి, మీద వడ్ల బస్తాలు వేసేవాళ్ళం. ఎలకలు చేరకుండా."

గిన్నెలు సరిగ్గా తోమలేదని దాన్ని కోప్పడ్డాను. సరిగ్గానే తోమింది.

జనవరి 23

కోత పండుగ పుస్తకం తీశాను. 1958, నతానియేలు గారి కానుక, కొత్త టైర్లు 4. 1959, కొత్త టైర్లు 4. 60, 61, 62, 63. మొన్నటిది. ఏడు వరుసలు, ఏడూ నా దస్తూరీలోనే. పాడుకున్నవారి పేరు రాయడానికి గడి ఉంది, డబ్బు ముట్టిందని గుర్తు పెట్టడానికి గడి ఉంది. వస్తువు ఎటు పోయిందో రాయడానికి గడి లేదు. ఆ గడులు గీసింది నేనే.

ఏటా నాలుగు కొత్త టైర్లు రాశాను. మొత్తం ఇరవై ఎనిమిది. ఉన్నవి నాలుగే.

అయితే మాత్రం ఏమైంది? ఒక్క మైలు తిరగని టైర్లు. వాడని వస్తువు పాడవుతుందా? ట్రంకు పెట్టెలో నా పెళ్ళి చీర యాభై ఏళ్ళుగా ఉంది.

చీర తీసి చూశాను. మడత మీద చిరిగింది.

జనవరి 25, శనివారం

విల్సన్ వచ్చాడు. గుడ్లవల్లేరు నుంచి పెడన దాకా ఎనిమిది నిమిషాల్లో వచ్చానన్నాడు. దారిలో పెడన అద్దకం వాళ్ళు ఆరేసిన గుడ్డలు కారు గాలికి లేచాయట. అది చెబుతూ పగలబడి నవ్వాడు.

"టైర్లు ఎలా ఉన్నాయి?" అన్నాను.

"కొంచెం బిరుసుగా ఉన్నాయి. కొత్తవి కదా, తిరిగితే మెత్తబడతాయి. నువ్వు చూసినవి మామ్మా, నాకేం భయం?"

నేను చూడలేదు. చెప్పబోయాను. అప్పుడే నతానియేలు గారు కారు చూడటానికి వచ్చారు. పందేనికి వెళ్ళే కారు మీద తన టైర్లున్నాయని కొట్టులో అందరికీ చెప్పుకుంటున్నారట. ఆయన్ని వాకిట్లోకి సాగనంపుతూ అడిగాను.

"నతానియేలు గారూ, మీరు ఆ టైర్లు ఎన్నిసార్లు ఇచ్చారు?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ తల దించుకునే జవాబిచ్చారు.

"ఒక్కసారేనండీ టీచరమ్మ గారూ. యాభై ఎనిమిదిలో. బెజవాడ బేరం ఒకటి తప్పిపోతే మిగిలాయి. తరవాతి ఏడాది మీరు మళ్ళీ నా పేరు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి కాదనడానికి సిగ్గేసిందండీ. ఆ తరవాత ఏటా చదువుతూనే ఉన్నారు."

"ఆరేళ్ళ టైర్లు పందేనికి పనికొస్తాయా?"

"కొట్లో అయితే అమ్మనండీ. అయినా దేవుడికిచ్చినవి కదా. ప్రార్థన కూడా అయింది." గొంతు తగ్గించి, "బాబుతో అన్నారా?" అని అడిగారు.

లేదన్నాను. ఆయన ముఖం తేలికపడింది. నా ముఖం కూడా తేలికపడి ఉంటుంది.

జనవరి 26, ఆదివారం

చర్చికి వెళ్ళాను. పాట పాడలేకపోయాను.

జనవరి 29, బుధవారం

పొద్దున బస్సులో గుడివాడ వెళ్ళాను. విల్సన్‌కు చెప్పలేదు. ఏలూరు రోడ్డులో నరసింహం అనే ఆయన టైర్లు విప్పి బిగించే షాపు ఉంది. విల్సన్ టైర్లు బిగించింది ఆయనే. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి సోడా తెప్పించాడు.

"ఆ ఎర్రకారు బాబు మామ్మగారా మీరు? కూర్చోండి. మీ మాట వినీ వినీ మాకు మీరు తెలిసిపోయారు."

"ఏమంటాడు?"

"నేను ఈ టైర్లు వద్దు బాబూ అన్నానండీ. లోపల గుడ్డ నల్లబడింది. గోటితో గీస్తే పొడి రాలింది. 'మా మామ్మ ముల్లంగి కొన్నా తూకం రాయి తిప్పి చూస్తుంది, నరసింహం, ఆవిడ ఓకే అంది' అన్నాడు. ఇంకేమంటాను? బిగించేశాను."

నేను రాసి తీసుకెళ్ళిన ప్రశ్నలు అడిగాను. ఆయన చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను. టైరు బలం పైన కనిపించే రబ్బరులో లేదు, లోపలి నూలు పొరల్లో ఉంది. చెమ్మకు ఆ నూలు కుళ్ళుతుంది. ఎండకూ ఉప్పుగాలికీ రబ్బరు పగుళ్ళిస్తుంది, పాలిషు వేస్తే పగుళ్ళు కనపడవు. బస్తాల బరువుకు అంచులు వంగుతాయి. ఊళ్ళో నెమ్మదిగా తిరిగితే కొన్నాళ్ళు లాగుతాయి. వేగంలో టైరు వేడెక్కుతుంది. వేడెక్కితే ముందు ఒకచోట ఉబ్బుతుంది.

"ఉబ్బాక?"

"ఉబ్బాక ఇంకేం ఉందండీ? పేలుతుంది. ముందు చక్రం పేలితే స్టీరింగు చేతిలో ఉండదు." ఆయన సోడా సీసా తీసుకుని నా వైపు చూడకుండా, "పందేనికి ఆ టైర్ల మీద నన్ను ఎక్కమంటే నేను ఎక్కనండీ" అన్నాడు.

విల్సన్ గదికి వెళ్ళాను. తాళం. ఇంటి ఓనరు చెప్పింది, పొద్దున్నే నాగాయలంక బయలుదేరాడట, తల్లిని ఎల్లుండికి బందరు తీసుకురావడానికి. శుక్రవారం వెళ్తానన్నవాడు ఈ రోజే వెళ్ళాడు. పామర్రు, చల్లపల్లి, పులిగడ్డ అక్విడక్టు వంతెన, అవనిగడ్డ. ఆ తర్వాతదంతా కరకట్ట. ఒక పక్క కాలువ, ఒక పక్క పల్లం.

పోస్టాఫీసులో టెలిగ్రాం ఫారం తీసుకున్నాను. 'నెమ్మదిగా రా' అని రాశాను. ఎందుకు అని వాడు అడుగుతాడు. చింపేశాను.

జనవరి 30

కబురు లేదు. రావలసిన వేళ దాటలేదు. తిరుగు దారిలో ప్రతి ఊరికీ మైళ్ళు వేసి, గంటకు ముప్పై చొప్పున, నలభై చొప్పున, అరవై చొప్పున లెక్క కట్టాను. ఏ లెక్కలోనూ ధైర్యం రాలేదు.

సీతమ్మ అన్నం పెట్టింది. ఏం తిన్నానో గుర్తు లేదు.

జనవరి 31, శుక్రవారం

పదకొండింటికి హారను వినిపించింది. ఇద్దరూ దిగారు. కృపావతి కాళ్ళు నేల మీద ఆనేదాకా నేను గుమ్మం పట్టుకునే ఉన్నాను.

వాళ్ళు లోపలికి వెళ్ళాక నాలుగు చక్రాలూ చేత్తో తడిమి చూశాను. ఎడమ ముందు చక్రానికి లోపలి వైపు, కారు కిందికి తిరిగి ఉన్న వైపు, కోడిగుడ్డంత ఉబ్బు ఉంది. వంగి చేయి పెడితే తప్ప తెలియదు. వేడిగా ఉంది.

భోజనాల దగ్గర కృపావతి ఎత్తింది. "వీడు కరకట్ట మీద అలా తోలుతుంటే నా ప్రాణం పోయిందనుకోండి అత్తయ్య గారూ. టైర్లు మీరే చూశారట కదా. ఆ మాట పట్టుకునే కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మంచివేనా?"

"మంచివే" అన్నాను.

అన్నాను. ఇక్కడ రాస్తున్నాను, మంచివే అన్నాను. పాఠం చదవకుండా చదివానన్నందుకు ఎందరు ఆడపిల్లల్ని బెంచీ ఎక్కించానో లెక్క లేదు. నా నోట ఆ మాట పుస్తకం మూసినంత తేలికగా వచ్చింది. రెండో ముద్ద కలుపుకున్నాను కూడా.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే ఏడు వరుసలూ చదవాలి. విల్సన్ ముందు, కృపావతి ముందు, సంఘం ముందు. మామ్మ చూసిందంటే చూసినట్టే అని వాడు ఊరంతా చెప్పాడు. ఆ మాట పోతుందని భయం. వాడు పోతాడన్న భయం కన్నా అది పెద్దదా? కాదు. మరి ఎందుకు చెప్పలేదు?

ఫిబ్రవరి 1, శనివారం

నోటితో చెప్పలేనిదాన్ని చేత్తో చేశాను. తెల్లవారాక, వాళ్ళు లేవకముందు, ఎడమ ముందు చక్రానికి జడపిన్నుతో గాలి తీసేశాను. డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. గాలి పంపు తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టాను. టైరు పాడైందని వాడే అనుకుని మార్చేస్తాడని నా ఆశ.

వాడలా అనుకోలేదు. ఎవరో తీశారనుకున్నాడు. అదే వేళకు పెద్దింట్లమ్మ చేపల తట్టతో వచ్చింది. పదేళ్ళుగా మా గుమ్మంలో తట్ట దించే మనిషి. కారు తన చోటులో పెట్టాడని పోయిన శనివారం వాడితో తగాదా పడింది.

"నువ్వే తీశావు" అన్నాడు విల్సన్.

"నీ బండి గాలి నాకెందుకు బాబూ? తట్ట మోసి మోసి నా గాలే నాకు చాలడం లేదు."

"మొన్న దీని సంగతి చూస్తానన్నావా లేదా?"

"అన్నాను. చూశాను. ఎర్రగా ఉంది. పులస చేపయితే బేరమాడేదాన్ని. నీ బండి నేనేం చేసుకోను?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. వాడికి రోషం వచ్చింది. ఇక మీద మా గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆవిడ నవ్వు ఆపేసింది. నా వైపు తిరిగింది.

"అమ్మగారూ, మీరు చెప్పండి. నేనలాంటి దాన్నా?"

అందరూ నా వైపు చూశారు. నా మాటకు ఈ వీధిలో అంత విలువ ఉంది. జడపిన్ను నా చీర చెంగున ముడి వేసి ఉంది.

"లోపలికి రా విల్సన్, ఎండెక్కుతోంది" అన్నాను.

పెద్దింట్లమ్మ తట్ట తనే ఎత్తుకుంది. ఎప్పుడూ నేనో సీతమ్మో చెయ్యి వేస్తాం. అంత బరువు ఒక్కతే మోకాలి మీదికి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

విల్సన్ పక్కింటి పంపు తెచ్చి గాలి కొట్టాడు. ఉబ్బు మళ్ళీ లేచింది. అది వాడు చూడలేదు. రేపు ఆరాధన అవగానే మద్రాసు బయలుదేరతానన్నాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఉదయం ఆరు.

కారు తాళంచెవి నా దగ్గర ఉంది. వాడి చొక్కా జేబులో నుంచి తీశాను. దొంగతనం కూడా అయింది. ఇక మిగిలింది చెప్పడమే. ఈ రోజు జరగవలసినవి, వరుస తప్పకుండా.

1. వాడు కాఫీ తాగకముందే చెప్పాలి. కృపావతి ఎదుటే చెప్పాలి, అబద్ధం ఆవిడకు చెప్పాను కనక. మొదటి మాట: "ఆ టైర్లు నేను చూడలేదు."

2. ఎడమ ముందు చక్రం లోపలి వైపు వాడి చెయ్యి పట్టుకుని తడిమించాలి. మాటల కన్నా అది త్వరగా అర్థమవుతుంది.

3. ఈ పుస్తకం వాడి చేతికివ్వకూడదు. చదువుకొమ్మని పక్కకు తప్పుకోవాలని బుద్ధి పుడుతోంది. నోటితోనే చెప్పాలి.

4. విల్సన్ విప్పించి తెచ్చిన కంపెనీ టైర్లు నాలుగూ నా మంచం కింద ఉన్నాయి. అవి వేసుకుని గుడివాడ దాకా నెమ్మదిగా వెళ్ళాలి. అక్కడ నరసింహం తన కళ్ళతో చూసి ఎంచినవి బిగించాలి. మద్రాసు నుంచి తెప్పించాల్సి వస్తే ఈ ఏడు పందెం పోతుంది. పోనీ. వాడు నా మీద అలిగినా పోనీ.

5. పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్ళాలి. ఎక్కడుంటుందో పదేళ్ళలో అడగలేదు. సీతమ్మనడగాలి. విల్సన్‌ను వెంట తీసుకెళ్ళాలి. జడపిన్ను చూపించాలి.

6. ఆరాధనలో కానుకలు పట్టేముందు లేచి ఏడు వరుసలూ చదవాలి. నతానియేలు గారి కన్నా ముందు నా తప్పు చదవాలి. గడులు నావి.

7. ఆ నాలుగు టైర్లనూ కత్తితో కోయించాలి. మళ్ళీ ఎవరూ గుడ్డ చుట్టి దేవుని ముందు పెట్టకుండా.

8. కోత పండుగ పుస్తకంలో ఇంకో గడి గీయాలి.

9. "మంచివే అని ఎందుకన్నావు మామ్మా?" అని వాడు అడుగుతాడు. దానికి జవాబు రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. భయపడ్డానని చెప్పాలి. నా నోట ఆ మాట వాడు ఇంతవరకు వినలేదు.

వాడు లేచాడు. చొక్కా దులుపుతున్నాడు. తాళంచెవి ఏదని తల్లిని అడుగుతున్నాడు.

ఒకటోది.